రెండో బండిలో వాళ్ళు

గొలుసు రోడ్డుకు రాసుకుంటూ పోయే చప్పుడు ఒకటుంది. మొన్న చౌక్తడా పేటలో కోర్టు ఎదుటి టీకొట్టులో మేనకోడలితో కూర్చుని ఉండగా అది వినబడింది. తలెత్తి చూస్తే ఒక పెద్ద లారీ, దాని వెనక ట్రైలరు, ఆ ట్రైలరుకు తగిలించిన మరో చిన్న ట్రైలరు. చిన్నదాని గొలుసు వదులై నేల మీద ఈడ్చుకుపోతోంది. తాగుతున్న టీ నోట్లోనే ఉండిపోయింది. "ఏటయింది అత్తా?" అని అడిగింది పిల్ల. ఏం చెప్పను? ఆ చప్పుడు వింటే నాకు భయం వేయదు, సిగ్గేస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు అరగలేదు. పైగా దాన్ని నాకు అంటించిన మనిషే నాకు బతుకు నేర్పిన మనిషి.

ఆయన పేరు సన్యాసి. బర్మావాళ్ళకు ఊ మ్యింట్, మాకు సన్యాసి మావ. రేవులో మూటలు మోయడానికి విశాఖ తీరం నుంచి బర్మాకు ఓడెక్కి వచ్చిన వాళ్ళ మనవడు. తామ్వే పేటలో గోడ కట్టిన పెద్ద ఆవరణ, ఒక లారీ, ఒక ఇంటిబండి ఆయన ఆస్తి. ఇంటిబండి అంటే చక్రాల మీది ఇల్లే. రెండు మంచాలు, పొయ్యి, కిటికీలకు తెరలు. దాని ముందుభాగం లారీ వీపు మీదికెక్కి కొక్కేనికి పట్టుకుంటుంది. దేశం తలుపులు మూసుకున్న రోజుల్లో విదేశీ సర్వే మనుషులెవరో వదిలేసి వెళ్ళిపోతే మావ దక్కించుకున్నాడు. పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ అద్దెకు తిప్పేవాడు. వంట గిన్నెల కోసం దాని వెనక రేకుల బండి ఒకటి తగిలించేవాడు. దానికి పైకప్పు లేదు.

యూనివర్సిటీ మూసేశాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను పిలిచి ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. మొదటి రోజే ఎవరికో "వస్తాం లెండి" అని నోరు జారాను. మావ ఫోను పెట్టించి, "ఒస్తామని సెప్పీసినావు కదా, ఇంక ఒచ్చీయాల. రానేనప్పుడు రానేమని సెప్పు. తిడతారు, తిట్టనీ," అన్నాడు. ఆ సాయంత్రం నిజంగానే వెళ్ళాం, నష్టానికి. ఆ ఒక్క మాట మీద నేను తర్వాత ఎన్ని ఉద్యోగాలు నెట్టుకొచ్చానో!

బండి గురించీ చెప్పేవాడు. ఒక బండి కట్టుకుని వెనక్కి రావడం ఎవడైనా నేర్చుకుంటాడట. రెండోది కట్టాక మాత్రం వెనక్కి రావడం కుదరదు. స్టీరింగు ఎటు తిప్పినా రెండోది పాములా మెలిక తిరిగి అడ్డం పడుతుంది. అందుకే దారి చివర కనబడని సందులోకి ఆయన ఎప్పుడూ దూరేవాడు కాదు. తిరుగుడు ఎక్కువైనా సరే, పెద్ద రోడ్డు పట్టుకునేవాడు. నేను నవ్వితే, "నవ్వు నవ్వు. నీకు పెళ్ళయితే తెలుస్తాది," అని ఏడిపించేవాడు.

ఆ వానాకాలం ప్రభుత్వం దిగిపోవాలంటూ ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది. మొదట పాటలు, జెండాలు. తర్వాత కాల్పులు. మంచినీళ్ళలో విషం కలిపారని ఒక పుకారు, జైళ్ళు తెరిచారని ఇంకొకటి. లమ్మడా పేటలో మా మేడల మధ్య రాత్రి కాపలాలు మొదలయ్యాయి. మావ లారీ వేసుకుని వచ్చి, గోడ ఉన్న తన ఆవరణకు అందర్నీ తీసుకుపోతానన్నాడు. మనుషులు ఎక్కువని రెండో బండీ కట్టుకొచ్చాడు.

ఎవరు ఎందులో ఎక్కాలో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. పెళ్ళి బంతిలో ఎవరు ముందు కూర్చోవాలో ఎవరు చెబుతారు? మావ భార్య, ఆమె అన్నదమ్ములు, మా అమ్మానాన్నలు, నేను, వరసైన వాళ్ళందరం ఇంటిబండిలో ఎక్కాం. గంజాం కుటుంబాల వాళ్ళు, ఇంట్లో ఒడియా మాట్లాడుకునే వాళ్ళు, రేకుల బండిలో ఎక్కారు. మా మెట్ల కింద ఇడ్లీలమ్మే కుంతల పెద్దమ్మను నలుగురు పట్టి అందులోకే ఎక్కించారు. మోకాళ్ళు వంగవు ఆవిడకు. వాన తుంపర పడుతోంది. గొడుగు విప్పుకుంటూ ఆవిడే నవ్వుతూ అంది: "వడ్డించీవోడు మనోడైతే కడబంతిలో కూకుంటే ఏటి?" అందరం నవ్వాం. మావ కూడా నవ్వాడు.

సగం దారిలో రోడ్డుకు అడ్డంగా నరికిన చెట్టు, పీపాలు. అవతల ఎక్కడో తుపాకుల చప్పుడు. ముందుకు పోలేం. వెనక్కి రావాలంటే రెండోది విప్పాలి. మావ దిగి పిన్ను లాగాడు. రెండో బండిలో మగవాళ్ళు దిగి, తమ బండిని తామే పేవ్‌మెంటు మీదికి తోశారు, మాకు దారివ్వడానికి. కుంతల పెద్దమ్మ దిగలేక అందులోనే ఉంది. "తిప్పుకుని ఒచ్చీస్తాను, ఈలోగా దిగి ఉండండి, నోపలెక్కుదురు గాని," అని చెప్పాడు మావ. లారీని పక్క వీధిలోకి వెనక్కి తీసి, వచ్చిన వైపుకు తిప్పాడు. అప్పుడే కాల్పులు దగ్గరకొచ్చాయి. మావ భార్య ఇంటిబండిలోంచి లారీ వైపు గోడను చేతులతో బాదుతూ, "ఆపకండి, పోనీయండి," అని అరిచింది. బండి ఆగలేదు. మాలో ఎవరూ ఆపమనలేదు. మంచాల మధ్య నేల ఖాళీగా ఉంది. పదిమంది సులువుగా కూర్చోవచ్చు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. పెద్దమ్మ గొడుగు కింద కూర్చుని మా వైపే చూస్తోంది, బండి ఇంకా ఆగుతుందనే అనుకుంటూ.

వాళ్ళంతా బతికారు. దగ్గరి మేడ వాళ్ళెవరో తలుపు తీసి లోపలికి లాక్కున్నారట. పెద్దమ్మను వీపు మీద మోసుకుపోయారట, ముక్కూ మొహం తెలియని బర్మా కుర్రాళ్ళు. ఎవరైనా పోయి ఉంటే కలిసి ఏడ్చి ఉండేవాళ్ళం. ఎవరూ పోలేదు కాబట్టి మర్నాటి నుంచీ ఒకరి మొహాలొకరు చూసుకోవాల్సి వచ్చింది. మావ రెండో బండివాళ్ళ ఇళ్ళకు నడిచి వెళ్ళాడు. టీ ఇచ్చారు, వానల గురించి మాట్లాడారు. ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. ఆయన రెండో బండిని తెచ్చుకోలేదు, మళ్ళీ ఎన్నడూ రెండోది కట్టలేదు. బేరాలు సగం పోయాయి.

గొడవలు చల్లారి సైన్యం ఊరిని నోరెత్తకుండా చేశాక, గుళ్ళో మొదటి అన్నదానం జరిగింది. ఎప్పుడూ మొదటి బంతిలో, అదీ మొదటి ఆకు ముందు కూర్చునే మావ, ఆ రోజు కడబంతి దాకా చెప్పుల దగ్గర నిలబడ్డాడు. నేనూ కడబంతిలో ఆయన పక్కనే కూర్చున్నాను. పప్పు గరిటెతో వస్తోంది కుంతల పెద్దమ్మ, కుంటుకుంటూ.

"ముందు కూకోనేదేటి బాబూ?" అంది.

"సోటు నేదు పెద్దమ్మా."

ఆవిడ గరిటెతో పప్పు తీసింది. గొంతు పెంచలేదు.

"ఆ దినం నోపల సోటుంది. కిటికీలోంచి అగుపడింది నాకు. తిను," అని ఆకులో పప్పు వేసింది. ఆయనకు రెండు గరిటెలు, నాకు రెండు గరిటెలు. పక్కవాళ్ళకు ఎంత వేసిందో అంతే. వెళ్ళిపోయింది.

మావ ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, తల ఎత్తలేదు. అంత పెద్ద మనిషి చిన్నబోయి తింటుంటే నాకు చెప్పలేనంత జాలి, చెప్పలేనంత కోపం. ఆయన మీద కోపమని కొన్నేళ్ళు అనుకున్నాను. కిటికీలోంచి అగుపడింది అంటే, కిటికీలో ఉన్నది నేను.

చనిపోయేదాకా ఆయన కడబంతిలోనే తిన్నాడు. ఇప్పుడు నేను తింటున్నాను. పిల్లలు ముందుకు రమ్మంటే కాళ్ళ నొప్పులంటాను. ఇది మంచితనం కాదు. ముందు బంతిలో కూర్చుంటే ముద్ద దిగదు, అంతే. ఇప్పుడూ రోజులు బాగా లేవు, రోడ్ల మీద మళ్ళీ అడ్డాలు, మళ్ళీ పుకార్లు. ఏ టాక్సీ ఎక్కినా, ఏ బస్సెక్కినా, నేను కూర్చునే ముందు లోపల ఇంకా ఎందరికి చోటుందో చూసుకుంటాను. అందరూ ఎక్కేదాకా తలుపు దగ్గరే నిలబడతాను.