తూకానికి దొరకని జలాల్ చాచా

మా జలాల్ చాచా విమానం వాళ్లకు అదనపు సామాను కింద ఒక్క రూపాయి కట్టడు. కట్టలేక కాదు. అలా కట్టడం తన ఉద్యోగానికే అవమానమని ఆయన నమ్మకం. కాజీపేట స్టేషన్లో పార్సిల్ క్లర్కుగా ముప్పై నాలుగేళ్లు ఊళ్లవాళ్ల సామానంతా తూచి పంపించిన చేతులు ఆయనవి. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోవు. జేబులో స్ప్రింగు కాంటా లేకుండా గడప దాటడు. పెళ్లికి పిలిస్తే బహుమతిని కూడా ఒకసారి తూచి మరీ ఇస్తాడు. ఎందుకో మాకు తెలియదు, ఆయనకు తెలుసని కూడా నేను అనుకోను.

విమాన ప్రయాణం గురించి ఆయన సిద్ధాంతం ఒక్కటే.

"విమానపోళ్లు సామాను తూస్తరు, మనిషిని తూయరు. ఇంత పెద్ద సందు వాళ్లే ఇడిసిపెట్టిండ్రు. దూరకపోతే తప్పు మనదే గదా!"

సందులో దూరడమంటే ఏమిటో, షార్జాలో ఉన్న కూతురు రుహీ దగ్గరికి ఆయన మొదటిసారి బయలుదేరిన రోజే మా గల్లీకి తెలిసింది. అది మే నెల. ఐదు చొక్కాలు, మూడు ప్యాంట్లు, వాటి మీద పెళ్లినాటి షేర్వానీ తొడుక్కుని హనుమకొండలో బస్సెక్కాడు. పక్కసీటాయన చలిజ్వరమేమోనని కంగారుపడి బస్సును దవాఖాన ముందు ఆపించాడు. అక్కడి నర్సు నాడి చూద్దామని చొక్కా చేయి పైకి లాగితే, కింద ఇంకో చొక్కా, దాని కింద ఇంకోటి. అసలు చేయి చేతికి దొరికేసరికి ఆమెకే చెమటలు పట్టాయట.

చాచా భార్య తాహెరా బేగం దగ్గర ఈ విషయం ఎత్తితే చాలు, ఆమె కొంగు బిగించుకుంటుంది.

"టూత్‌బ్రష్ పిడి కోసిండు. దువ్వెన సగానికి విరిచిండు. పోయే ముందురోజు గుండు చేయించుకుంటడు. మనిషిని తూయరంటివి గదా, జుట్టేం చేసింది నీకు అంటే, నూనె సీసా తప్పుతది అంటడు. గిట్లాంటి మనిషితోని నలబై ఏండ్లు ఎట్ల గడిపిన్నో అల్లాకే ఎరుక!"

అలాంటి మనిషితో కలిసి ప్రయాణించే యోగం నిరుడు అక్టోబరులో నాకు పట్టింది. నా పేరు రాంప్రసాద్, హనుమకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే మనిషిని. పుస్తకాలు ఎన్ని సర్దినా పెట్టె సర్దడం రాదు. నా చెల్లెలు లావణ్య దుబాయిలో ఉంటుంది. అప్పుడామెకు ఏడో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. ఫోన్ చేస్తే ఒకటే మాట.

"అన్నా, అమ్మ చేసిన సకినాలు తేవా? అవొక్కటే తినబుద్ధయితాంది."

అమ్మ నడుంనొప్పితోనే రెండురోజులు కూర్చుని మూడు కిలోల సకినాలు చుట్టింది. అవి చెల్లెలి నోటిదాకా చేర్చడం నా పని. నాకేమో విమానం ఎక్కడం అదే మొదలు. చాచా కూడా అదే విమానంలో వస్తున్నాడని తెలిసి, ఏం సర్దుకోవాలో చెప్పమని ఆయన్నే అడిగాను. నేను చేసిన మొదటి పొరపాటు అది.

వచ్చీరాగానే నా కొత్త సూట్‌కేసును కాంటాకు తగిలించాడు.

"ఖాళీ డబ్బానే నాలుగున్నర కిలోలు! హవా మోసేటందుకు టికెట్ కొన్నవా?"

సూట్‌కేసు అటకెక్కింది. దాని బదులు చాచా పలచటి బట్టతో ఒక సంచి కుట్టాడు. దాని బరువు పావుకిలో కూడా లేదు. నా బట్టల దొంతర ముందు కూర్చుని విచారణ మొదలుపెట్టాడు.

"ఈ ప్యాంటెందుకు?"

"ఆడ ఏసుకునేటందుకు."

"ఈడనే ఏసుకో. ఈ అంగీ?"

"అది గూడ ఆడనే..."

"ఏసుకో."

ఆయన పని పూర్తయ్యేసరికి నా సామాను సకినాలతో కలిపి ఏడు కిలోలకు దిగింది. టికెట్ మీద మాత్రం ముప్పై కిలోలని ఉంది. ఎంత ఆలోచించినా నా బుర్రకు ఎక్కలేదు.

"చాచా, ముప్పై కిలోలు పోనిస్తరంట. నావి ఏడే. మరి నేనెందుకు నాలుగు అంగీలు తొడుక్కోవాలె?"

"అలవాటు కావాలె బేటా."

"మిగిలిన ఇరవై మూడు కిలోలు?"

"అది నా హిసాబ్. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యొద్దన్నాక ఎవరికైనా ఫికర్ మొదలవుతుంది. బయలుదేరిన రోజు పొద్దున సంచి ఎత్తబోతే నేల వదలలేదు. మూతి చూస్తే కుట్టేసి ఉంది. ఏముందని అడిగితే సకినాలు అన్నాడు. సకినాలు మూడు కిలోలే కదా అంటే, ఆటో వచ్చింది పద అన్నాడు. చాచా దుబాయిలో ఏదో వ్యాపారం చేస్తున్నాడని, ఆ సరుకు నా నెత్తిన పెడుతున్నాడని నాకు గట్టి అనుమానం కలిగింది. తాహెరా బేగం ఇద్దరి చేతులకూ ఇమామ్ జామిన్ కట్టడానికి వచ్చింది. అది ప్రయాణం క్షేమంగా సాగాలని నాణెం చుట్టి కట్టే పచ్చగుడ్డ. ఆమెకు మా మీద ఏ చొక్కా పైన కట్టాలో తెలియలేదు. మాకూ తెలియలేదు. చివరికి అన్నిటి మీదా కట్టి నవ్వుకుంటూ లోపలికి పోయింది.

బయట తుఫాను ముసురు. ఆటో వెనక కట్టిన సంచులు కాజీపేట స్టేషన్ చేరేసరికి ముద్దయ్యాయి. చాచా వాటిని రుమాలుతో అద్ది, "ఆరిపోతయి తీ" అన్నాడు. రైలు, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత ఎయిర్‌పోర్టు. చాచా సంచి తూకానికి ఎక్కింది. సరిగ్గా ముప్పై. ఆయన నావైపు తిరిగి కళ్లెగరేశాడు. తర్వాత నా సంచి ఎక్కింది.

ముప్పై రెండున్నర.

చాచా మొహంలో రంగు పోయింది. సంచి దించి తన కాంటాకు తగిలించాడు. అదీ ముప్పై రెండున్నరే చూపించింది. సొంత కాంటా సాక్ష్యం ఆయనకు వ్యతిరేకంగా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంట్ల ముప్పైయే ఉండె" అన్నాడు, నాతోనో కాంటాతోనో తెలియకుండా.

"రెండున్నర కిలోలు తీసేయండి సార్, లేకపోతే డబ్బు కట్టండి" అంది కౌంటర్లో అమ్మాయి. ఆమె చెప్పిన మొత్తంతో అమ్మ ఏడాదంతా సకినాలు చేయవచ్చు. "ఈ బ్యాగ్ మీరే ప్యాక్ చేసుకున్నారా?" అని కూడా నన్ను అడిగింది. నేను చాచా వైపు చూశాను.

"నేనే సర్దిన బిడ్డా" అన్నాడాయన. "ఒక్కొక్కటి ఇప్పి చూసినంకనే నా చేతుల్తోటి కుట్టిన."

పక్కకు జరిగి సంచి కుట్లు విప్పాం. పైన ప్లాస్టిక్ కవర్లలో సకినాలు పదిలంగా ఉన్నాయి. వాటి కింద వరసగా చిన్న చిన్న బట్ట మూటలు. రైల్వే పార్సిళ్ల మాదిరిగా నాలుగువైపులా కుట్టి, మీద సిరాతో పేరు, ఊరు రాసి ఉన్నాయి. సోహెల్, షార్జా: కళ్లద్దాలు, మామిడి తొక్కు. ఓంప్రకాశ్, అజ్మాన్: మురుకులు, బిడ్డ గీసిన బొమ్మ. అలా పదిదాకా ఉన్నాయి. అన్నిటికీ అడుగున, నీళ్లోడుతూ ఒక నల్లగొంగడి. కట్టయ్య, దుబాయి.

"ఎవరివి చాచా ఇవన్నీ?"

దొరికిపోయిన వాడిలా తల గోక్కున్నాడు.

"పల్లెలోళ్లవి. దుబాయి పోయేటోళ్లందర్ని అడుగుతరు పాపం. అందరు వెయిట్ ఫుల్ అంటరు. ఆ మాటినంగనే వాళ్ల మొఖం ఎట్ల చిన్నగయితదో నువ్వు చూడలే. నాకు చూడబుద్ధికాదు."

"మరి నీ సంచిల?"

"అవి గూడ గిట్లాంటియే."

"నీ సామాను?"

"ఒంటి మీదున్నది గదా! సగం దువ్వెన ఒకటి సంచిల పెట్టిన."

"నాకు ముందే చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు పదిమందికి చెప్తవ్. వాళ్లు గూడ మూటలు తెస్తరు. అప్పుడు నేను పదిహేను అంగీలు తొడగాలె."

నాకు సిగ్గేసింది. ఈ మనిషినా నేను దొంగ వ్యాపారి అనుకున్నది! కానీ సిగ్గుపడుతూ కూర్చునే టైం లేదు. గొంగడిని తూస్తే నాలుగున్నర తూగింది.

"ఇంట్ల రెండే ఉండె" అన్నాడు చాచా.

"వాన నీళ్లు తాగింది చాచా."

తడిసిన మూటను మళ్లీ తూయమని కూలీల మీద ముప్పై నాలుగేళ్లు కేకలేసిన మనిషి, తన మూట దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాడు. నా సూట్‌కేసయితే చుక్క దిగేది కాదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కానీ, ఆయన మొహం చూసి మింగేశాను.

సకినాలు తీసేస్తే లెక్క సరిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చాచా చేయి వాటి మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది.

"కడుపుతోని ఉన్న బిడ్డది. నేను ముట్ట."

చేయి గొంగడి మీదికి వెళ్లింది.

"కట్టయ్య ఎడారిల మేకలు కాస్తడు. ఇగ చలి మొదలయితది. ఆయన పెండ్లాం చిలుకమ్మ దీనికోసం తొర్రూరు నుంచి రెండుసార్లు బస్సెక్కి వచ్చింది."

చేయి అక్కడి నుంచి కూడా వచ్చేసి షేర్వానీ లోపలికి పోయింది. మొదటి చొక్కా దాటింది, రెండోది దాటింది, ఎక్కడో ఐదో చొక్కా జేబులోంచి పర్సు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నవ్ చాచా?"

"కడ్త" అన్నాడు.

జలాల్ చాచా సామానుకు డబ్బు కట్టడం! నా గుండె ఒప్పుకోలేదు. గొంగడి లాగి, విదిలించి, నాలుగు చొక్కాల మీద నెత్తి నుంచి కప్పుకున్నాను. చల్లటి నీళ్లు వీపులోకి దిగాయి.

"మనిషిని తూయరు గదా చాచా" అన్నాను.

కౌంటర్ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ సంచిని మళ్లీ తూచింది. ఇరవై ఎనిమిది. చాచా కళ్లు తుడుచుకుని ఆ అంకెను చూశాడు.

"రెండు కిలోలు ఖాళీగ పోతాంది" అని నిట్టూర్చాడు.

విమానంలో నాకిరువైపులా ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఏసీ గాలికి తడిగొంగడి లోంచి గొర్రెలమంద లేచి వచ్చినట్టే ఉంది. ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు వేడినీళ్లు తెచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందంటే ఆమె నమ్మలేదు.

దుబాయిలో బయటికి రాగానే లావణ్య నన్ను ఎగాదిగా చూసింది.

"అన్నా, ఏందిది?"

నేను నోరు తెరిచేలోపు, సన్నటి మనిషొకడు జనాన్ని తోసుకుంటూ నేరుగా నా మీదికి వచ్చాడు. నా మొహం వైపు చూడనే లేదు. గొంగడి అంచు వేళ్లతో తడిమి, మొహం అందులో దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. కట్టయ్య.

"మంద వాసన గట్లనే ఉన్నది సారూ" అన్నాడు తలెత్తి. "మూడేండ్లాయె."

విమానమంతా ముక్కు మూసుకున్న వాసనది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గొంగడి తీసి ఆయన భుజాల మీద కప్పాను. అటు లావణ్య అప్పుడే సంచి మీద కూర్చుని, కవరు చింపి కరకరమని సకినాలు నములుతోంది. నెలల తర్వాత దాని మొహం తేటగా కనిపించింది. కట్టయ్యకూ ఒకటి ఇచ్చింది.

చాచా మాత్రం, ముందే ఫోన్ చేసి రప్పించిన మూటలవాళ్ల కోసం గోడ పక్కన పార్సిల్ ఆఫీసు తెరిచాడు. పేరు పిలవడం, మూట ఇవ్వడం, సంతకం పెట్టించుకోవడం. ఐదు చొక్కాల్లో చెమటలు కక్కుతూనే, మొహం మాత్రం వెలిగిపోతోంది. అంతా అయ్యాక నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"ప్రసాదూ, వాపసు పోయేటప్పుడు గూడ నీకు ముప్పై కిలోలేనా?"

ఆయన వెనక చూశాను. మూటలు తీసుకున్నవాళ్లెవరూ కదల్లేదు. ఊరికి పంపడానికి తలా ఒక కవరు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

నా మీదున్న చొక్కాలు నాలుగు. చాలవనిపించింది.

"లావణ్య మొగని అంగీలు గూడ నాకు సరిపోతయి చాచా" అన్నాను.