తెర మీద ఎర్ర గీతలు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, రేపు. అమ్మ దవాఖానాలో చేరి ఇరవై రోజులైంది. ఎప్పుడొస్తుందని అడిగితే అమ్మమ్మ నాకు జడ వేస్తూనే "మంచిగనే ఉన్నది, రేపొస్తది" అనేది. తొమ్మిదేళ్ళ నేను రోజూ సాయంత్రం ఉప్పల్‌లో బస్సులు ఆగే చోటి దాకా వెళ్ళి, దిగేవాళ్ళందరినీ చూసి వచ్చేదాన్ని.

మా మేనమామ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. విమానం నడిపేవాళ్ళకు దారి చూపించే మ్యాపు తెరలను పరీక్షించడం ఆయన పని. మామూలు రోజుల్లో గేటు కూడా దాటనివ్వరు గానీ, ఆయుధపూజ నాడు ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చేవారు. నా పోరు పడలేక ఆ ఏడు నన్ను తీసుకెళ్ళాడు. యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు, కుంకుమబొట్లు. తెరల అద్దాలకు మాత్రం బొట్టు పెట్టనివ్వలేదు, మరక పడుతుందని.

మామయ్య ఒక తెర వెలిగించాడు. మధ్యలో చిన్న విమానం బొమ్మ అక్కడే ఉంది, దాని కింద నదులూ ఊళ్ళూ జరిగిపోతున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన వెనక నుంచి ఒక వైరు పీకేశాడు. మ్యాపు మాయమై, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు ఎర్ర గీతలు పడ్డాయి. చెడిపోయిందని హడలిపోయాను.

"చెడిపోలే బిడ్డా, గిట్లనే రావాలె. ఎక్కడున్నమో చెప్పే వైరు ఊడినంక గూడ పాత మ్యాపే సూపిచ్చిందనుకో, నడిపేటోడు గదే నిజమనుకుంటడు. గసొంటి తెరను మేం బయటికి పంపం" అన్నాడు.

అప్పుడు నాకేం తోచిందో, "మామా, అమ్మ నిజంగ రేపొస్తదా?" అని అడిగాను.

వైరు చేతిలో పట్టుకుని ఆయన చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. ఇంట్లో అందరితో పాటు ఆయన కూడా రేపు అంటూ వచ్చినవాడే. చివరికి నా ముందు నేల మీద కూర్చుని, "రాదు బిడ్డా. ఇగ ఇంటికి రాదు" అన్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

అటు నుంచి అటే స్కూటర్ మీద దవాఖానాకు తీసుకెళ్ళాడు. అమ్మ నన్ను చూసి అన్నం తిన్నావా అని అడిగింది. నా జడ విప్పి, మళ్ళీ అల్లబోయి, చేతులు ఆడక సగంలో ఆపేసింది. మూడోనాడు పోయింది. పసిదాని గుండె పగలగొట్టాడని అమ్మమ్మ చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ సగం జడ దక్కింది.

రెండు నెలల కింద అదే మామయ్య చెంగిచెర్లలో చిన్నకొడుకు ఇంట్లో మంచం పట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా రేపటికల్లా లేచి తిరుగుతావంటున్నారు. ఆయన అందరినీ వదిలేసి నా వైపు చూశాడు. "నువ్వు జెప్పు బిడ్డా, లేస్తనా?"

మంచం పక్కన నేల మీద కూర్చుని, "లేవవు మామా" అన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా పెద్దోన్ని పిలువు, మాట్లాడేదున్నది" అన్నాడు.

ఆయన పోయి నెల దాటింది. ఆ రోజు వైరు పట్టుకుని ఆయన ఎందుకంతసేపు నిలబడ్డాడో, నాకు నలభై దాటాక గానీ తెలియలేదు.