వానొస్తే వదులు చెయ్యాలి

ఆమె అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. సర్కస్‌లో అందరికీ ఆమె ఉడుమక్క. ఊయలకు తలకిందులుగా వేలాడుతూ, గాల్లోంచి ఎగిరొచ్చేవాళ్ల మణికట్లు పట్టుకోవడం ఆమె పని. ఒకసారి పట్టుకుందంటే విడిపించుకోవడం ఎవరి తరమూ కాదని బఫూన్ వేళాకోళానికి పెట్టిన పేరది. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. ఆడపిల్లకు పెట్టే పేరేనా ఇది అని రెండు రోజులు బఫూన్‌తో మాట్లాడలేదు కూడా. ఏళ్లు గడిచాక, కొత్తవాళ్లెవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని తలెత్తి కూడా చూసేది కాదు.

తొమ్మిదో ఏట తల్లి కొంగు పట్టుకుని వచ్చింది. తల్లి వంటడేరాలో పనిమనిషి. పిల్ల ఊరికే ఉండటం దేనికని ఎగిరే పిల్లల్లో చేర్చారు. ఎగిరేవాళ్లు పిట్టల్లా ఉండాలి. ఈమేమో పదిహేనేళ్లకే తాడిచెట్టులా పెరిగి, భుజాలు కూడా వెడల్పు చేసుకుని కూర్చుంది. ఇక వంటడేరాకే పంపేద్దామని మేనేజరు అంటుంటే, అప్పట్లో పట్టుకునే పని చేస్తున్న పెద్దాయన అడ్డుపడ్డాడు. ఎగరడానికి పనికిరానిది పట్టుకోవడానికి పనికొస్తుందన్నాడు. అది మగాళ్ల పని, ఆడపిల్ల చేతులేం ఆగుతాయి అని మిగతావాళ్లు నవ్వారు. పెద్దాయన ఆమెను ఎనిమిది నెలలు తలకిందులుగా వేలాడదీసి ఇసుక సంచులు విసిరాడు. ఆ నవ్వినవాళ్లే తర్వాత ఆమె చేతుల్లోకి కళ్లు మూసుకుని ఎగిరారు.

పెద్దాయన నేర్పిన నియమం ఒకటుంది. పైన పలికే మాట ఒక్కటే ఉండాలి, అది 'రా'. పట్టుకునేవాళ్లే ఆ మాట అనాలి. అనకుండా ఎగరకూడదు, అన్నాక ఆగకూడదు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడినా ఎగిరేవాళ్ల మనసు చెదురుతుంది, చెదిరితే వేళ్లు జారతాయి. ఉడుమక్క ఈ నియమాన్ని తన ఒంట్లో ఎముకలా మోసింది. పైనుండగా తుమ్ము వచ్చినా మింగేసేది.

తాళ్ల మేస్త్రి ఆమె జీవితంలోకి వచ్చింది పైనుంచే. అక్కడ ఇంకో ఆచారం ఉంది. వల కట్టినవాడే ముందు దూకాలి. రోజూ ఆటకు ముందు మేస్త్రి నిచ్చెనెక్కి, ఎగిరేవాళ్లు నిలబడే మంచె మీదనుంచి చేతులు కట్టుకుని వెల్లకిలా వల్లోకి పడేవాడు. రెండుసార్లు ఎగిరి కుదురుకున్నాక, పడుకునే "పడుకోవచ్చు" అనేవాడు. వల బాగుందని దాని అర్థం. ఆ మాట వినపడందే ఎవరూ నిచ్చెన మీద కాలు పెట్టేవాళ్లు కాదు. ఉడుమక్క చూస్తున్న రోజుల్లో మాత్రం ఒక్కసారికి బదులు రెండుసార్లు దూకేవాడు. ఇంత చిన్న వలకి అన్ని పరీక్షలెందుకని బఫూన్ అడిగితే మేస్త్రి చెవులు ఎర్రబడేవి. ఆ ఏడే పెళ్లయిపోయింది. ఆరునెలలకోసారి ఊరు మారే డేరాలో, రేకు పెట్టెల మధ్య, మడత మంచం మీద కాపురం.

మేస్త్రి మంచివాడే. కాకపోతే తన పని గురించి ఎవరైనా ఒక్క మాటంటే ముఖం గంటుపెట్టుకుని రెండు పూటలు అన్నం మానేసే రకం. ఆ పౌరుషానికి కారణమూ లేకపోలేదు. అతని చేతికింద ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. వలను లాగి కట్టే నూలు తాళ్లు డేరా దాటి బయటికి వెళ్లి నేలలో దిగ్గొట్టిన ఇనుప మేకులకు చుట్టుకుంటాయి. వానొస్తే అవి తడుస్తాయి. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది. వల కొత్తగా అల్లిన నవారు మంచంలా బిర్రయిపోయి, పడ్డ మనిషిని బంతిలా ఎగరేసి కుర్చీల మీదికి విసిరేస్తుంది. అందుకని చినుకు పడగానే ఒక్కో తాడునూ జానెడు వదలాలి. తడిసిన తాడు ఆ వదులును తనే లాక్కుంటుంది. మేస్త్రికి మబ్బు వాసన ముందే తెలిసేది. అన్నం ముందు కూర్చున్నా ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తేవాడు. నేను పది కేకలేసినా పలకరు, మేఘం గొంతు సవరించుకుంటే చాలు లేచిపోతారు అని ఆమె దెప్పేది.

వాళ్లకు ఒక్కతే కూతురు. అందరూ చిన్నది అనేవాళ్లు. తల్లి పొడుగు రాలేదు, తండ్రి మొండితనం మాత్రం పూర్తిగా వచ్చింది. దాన్ని చదువులో పెట్టాలని ఉడుమక్క చేయని ప్రయత్నం లేదు. హాస్టల్లో చేర్పిస్తే మూడుసార్లు పారిపోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఊయల ఎక్కి కూర్చుని, ఒప్పుకుంటే తప్ప దిగనంది. ఉడుమక్కకు ఆ రాత్రంతా కునుకు పట్టలేదు. తెల్లారాక ఒక షరతు మీద ఒప్పుకుంది. కింద నాన్న కట్టిన వల ఉండాలి, పైన తన చేతులు ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నిచ్చెన ఎక్కకూడదు. నాలుగేళ్లు ఆ షరతు మీదే ఇల్లు నడిచింది. ప్రతి ఆటలోనూ కూతురి మణికట్లు తన చేతుల్లో పడేదాకా ఆమె ఊపిరి ఊపిరి కాదు.

ఆ యేడు ఎండాకాలంలో నీలం తాళ్లు వచ్చాయి. పాతవి పీచులు లేచాయని మేనేజరు నైలాన్ తాళ్లు తెప్పించాడు. తేలిక, గట్టి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అని మురిసిపోయాడు. మేస్త్రి వాటిని వేళ్లతో నలిపి చూశాడు. కట్టేటప్పుడు ముడి చేతిలో పాములా జారుతోందని గొణిగాడు. తాళ్ల చుట్టతోపాటు వచ్చిన అచ్చు కాగితాన్ని మడిచి, ఎగుడుదిగుడుగా ఉన్న మంచం కోడు కింద పెట్టాడు. తాడు సంగతి కాగితం చెబితే తెలుసుకునే మనిషి కాదతను. ఉడుమక్కకు ఆ నీలం రంగు చూసినప్పటినుంచీ మనసు మనసులో లేదు. ఎందుకో ఆమెకే తెలియదు. అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంది. మూడు వారాలు ఆటలు చక్కగా సాగాయి. ఆ మూడు వారాల్లోనూ ఒక్క చినుకు పడలేదు.

ఆ రోజు ఆదివారం. పదకొండింటికి మేస్త్రి వల్లోకి దూకి "పడుకోవచ్చు" అన్నాడు. రెండున్నరకు ఆకాశం నల్లబడింది. గాలికి డేరా గుడ్డ పొట్ట ఉబ్బించి వదులుతోంది. ఏనుగులు లేని కాలం కాబట్టి సరిపోయింది గానీ, ఉన్న నాలుగు కుక్కలే బోనుల్లో పడుకోకుండా గిరగిరా తిరిగాయి. మూడింటికి వాన దబదబా కురిసింది. టికెట్లు కొన్న జనమంతా తడుస్తూ ద్వారం దగ్గర గోల పెడుతుంటే మేనేజరు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మేస్త్రి గోనెసంచి నెత్తిన వేసుకుని బయటికి పరిగెత్తి, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే చేశాడు. ఒక్కో తాడునూ జానెడు వదిలాడు.

వదిలాక మళ్లీ ఒకసారి దూకి చూడాలి. అదీ ఆచారమే. కానీ ఆట అప్పటికే నలభై నిమిషాలు ఆలస్యమైంది. పొద్దున చూశావుగా, ఇక కానీ అన్నాడు మేనేజరు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని మేస్త్రి అనుకున్నాడు. ఆ ఒక్కసారి కోసమే పెట్టిన ఆచారమని అతనికి ఎవరు చెప్పాలి.

వాన సన్నగిల్లింది. బ్యాండు మొదలైంది. ఉడుమక్క చేతులకు సుద్దపొడి రాసుకుని తన ఊయల ఎక్కి, మోకాళ్లు తగిలించి, తల కిందికి వేలాడింది. ఎదుటి మంచె మీద చిన్నది ఊయల కర్ర పట్టుకుని నిలబడింది. కింద బఫూన్ ఎప్పటిలాగే వల కిందికి దూరి, పైకి చూస్తూ వణికిపోతున్నట్టు నటిస్తున్నాడు. ఊయల కదిలేలోపు బయటికి వచ్చేస్తాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. వాళ్లు అంతగా నవ్వడం ఆమెకు కొత్తగా అనిపించి కిందికి చూసింది.

రోజూ బఫూన్ టోపీకీ వలకీ మధ్య జానెడు సందు ఉంటుంది. ఇవాళ అతను నడుం వంచుకుని నిలబడ్డాడు. వల తగులుతోందని వంగాడు, వంగితే జనం నవ్వారు, నవ్వారు కదా అని బయటికి రాకుండా ఇంకా వంగాడు. అతని వీపు మీద వల పొట్ట వేలాడుతోంది.

చిన్నది కర్ర పట్టుకుని అటు ఊగింది, ఇటు ఊగింది. 'రా' అనాల్సిన క్షణం వచ్చింది. ఉడుమక్క నోరు తెరవలేదు. చిన్నది తిరిగి మంచె మీదికి వెళ్లింది. రెండోసారి ఊగింది. డప్పు మోగి ఆగింది. ఉడుమక్క పెదవులు బిగించుకుంది. మూడోసారి కూడా పిలుపు రాకపోయేసరికి చిన్నది మంచె మీదే ఆగిపోయి తల్లివంక చూసింది. జనం ఫోన్లు పైకెత్తారు. వల సంగతి అరిచి చెప్పొచ్చు. కానీ పైన ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి అనడం ఆ నోటికి అలవాటు లేదు. ఆమె నిటారుగా లేచి కూర్చుని, తాడు పట్టుకుని కిందికి జారింది. ముప్పై ఏళ్లలో ఆట మధ్యలో దిగిపోవడం అదే మొదటిసారి. ఎవరో ఈల వేశారు. ఒకడు మొదలుపెడితే చాలదా, డేరా అంతా ఈలలే.

మేనేజరు ఉరికొచ్చాడు. ఆమె అతన్ని పట్టించుకోకుండా మొగుడి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి చెప్పింది.

"వల జారిందండీ. చిన్నదాన్ని దింపెయ్యండి."

మేస్త్రి ముఖం నల్లబడింది. "వానకి వదిలాను. కాసేపట్లో అదే బిగుసుకుంటుంది. ఇన్నేళ్లుగా కడుతున్నవాణ్ణి, నాకు తెలీదా?"

"నాకు పైనుంచి వేరేలా కనపడింది."

"ఇంతమందిలో నా తాడుని నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

నిజమే, ఇన్నేళ్లలో అతని వల ఒక్కసారి తప్పలేదు. తనే పొరబడిందేమో. తడి తాడు లాక్కుంటుందనేది తను కూడా కళ్లారా చూసిందే. ఈలలు చెవులు చిల్లులు పడేలా ఉన్నాయి. మేస్త్రి చెప్పులు విడిచాడు. బఫూన్‌ను వల కిందనుంచి బయటికి లాగాడు. ఆమె పక్కనుంచే నడిచి నిచ్చెన వైపు వెళ్లాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో వెళ్లాడు. అతను పైకెక్కి, చిన్నదాని తల మీద చెయ్యి వేసి, పక్కకు జరిపి, మంచె అంచున నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

వల అతన్ని అందుకుంది. అందుకుని, తనూ అతనితోపాటు కిందికి వచ్చేసింది. నేల తగిలిన చప్పుడు పెద్దగా కూడా లేదు. ఉడుమక్క 'పడుకోవచ్చు' అనే మాట కోసం ఎదురుచూసింది. చాలాసేపు ఎదురుచూసింది. చప్పట్లు ఆగలేదు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు వాళ్లు.

ఆసుపత్రినుంచి బట్టల కోసం తల్లితో కలిసి డేరాకు వచ్చిన చిన్నది మంచం జరపబోతే కోడు కింద కాగితం దొరికింది. పైకి చదివింది. ఈ తాడు తడిస్తే బిగుసుకోదు, సాగుతుంది, వానలో ఇంకాస్త లాగి కట్టాలి అని నాలుగో వరుసలో ఉంది. చదవడం అయ్యాక చిన్నది తల్లిని ఒకే ఒక మాట అడిగింది.

"అమ్మా, నాన్న నీ పక్కనుంచే కదా వెళ్లాడు. ఎందుకు పట్టుకోలేదు?"

లెక్కలేనన్ని చేతులు పట్టుకున్న ఆ మనిషి బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. అడిగినందుకు ఆమెకు కూతురి మీద కోపం రాలేదు, అడక్కపోతే బాగుండునని మాత్రం ఉంది.

ఇది జరిగి ఐదేళ్లు. ఉడుమక్క మళ్లీ ఊయల ఎక్కలేదు. బస్సుల డిపో వెనక వీధిలో, కింది అంతస్తులో ఒక గది. కిటికీకి ఆనించి మేస్త్రి మంచం. నడుం కింది భాగం కదలదు, మతి కూడా పూర్తిగా నిలవదు. ఆమె పొద్దున పక్క వీధి వ్యాయామశాలలో పిల్లలకు కసరత్తు నేర్పి, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. చిన్నది పది నెలలు ఆగి సర్కస్‌కే వెళ్లిపోయింది. తల్లి కాదనలేదు, అవుననలేదు. షరతులోని రెండూ పోయాక కాదనడానికి నోరెక్కడిది. ఇప్పుడు చిన్నది తన వల తనే కట్టుకుని, తనే దూకి చూసుకుంటుందట. ఆట అయ్యాక ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ మోగేదాకా ఉడుమక్క ఏ పనీ సరిగా చేయలేదు.

ఇవాళ మధ్యాహ్నం మబ్బు పట్టింది. మేస్త్రి ముక్కు ఎగబీల్చాడు. అది మాత్రం అతనికి పోలేదు. మొదటి చినుకు కిటికీ రేకు మీద టప్పుమనగానే లేవబోయాడు. లేవలేక, పరుపు మీద చేత్తో తడుముతూ కేకేశాడు.

"వానొచ్చింది. తాళ్లు వదులు చెయ్యి. ఒక్కోటి జానెడు."

ఆమె పొయ్యి ఆపి వచ్చి మంచం మీద కూర్చుంది. అతని మణికట్టును తన వేళ్ల మధ్యకు తీసుకుంది, అతని వేళ్లను తన మణికట్టు చుట్టూ పెట్టుకుంది. పైన పట్టుకునే పద్ధతి అది. ఫోన్ పక్కనే బల్ల మీద ఉంది. ఇంకా మోగలేదు.

"వదిలావా?" అని మళ్లీ అడిగాడు.

"వదిలానండీ," అంది. వాన వెలిసేదాకా ఆ చెయ్యి బిగించి పట్టుకునే ఉంది.