కార్తీకంలో పరీక్షించిన బోరు

నోట్ల రద్దు తర్వాత వచ్చిన వేసవిలో మా అక్క మొగుడు సత్యం బావా, నేనూ కలిసి పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పు కింద తోట, వేద్దామనుకున్నాం. గజపతినగరం దగ్గర మాకు మెట్ట పొలం ఉంది, అందులో ఒక బోరు ఉంది. ఆ నీళ్లతో అర ఎకరంలో కీరదోస పండించాలని బావ ఆలోచన. సబ్సిడీకి కాగితాలు పెట్టేముందు, నడుస్తున్న పాలీహౌస్ ఒకటి కళ్లతో చూడాలనిపించింది. బావతో డిగ్రీ చదివిన సూరన్న ఎచ్చెర్ల దాటాక సముద్రం వైపు ఊళ్లో రెండేళ్లుగా కీర వేస్తున్నాడు. ఫోన్ చేస్తే రమ్మన్నాడు. ఆకు అంచులు మాడుతున్నాయని, వచ్చినప్పుడు మమ్మల్ని కూడా చూడమని చెప్పాడు. ఎండలకి అలాగే ఉంటుందిలే అనుకున్నాం.

ఉదయం ఆరుంపావుకి గజపతినగరంలో బస్సెక్కాం. విజయనగరానికి గంట ప్రయాణం, ఇరవై అయిదు రూపాయలు. కాంప్లెక్సు బయట ఇడ్లీ తిని శ్రీకాకుళం వెళ్లే బస్సు పట్టుకున్నాం. ఎచ్చెర్లలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడి నుంచి తీరం ఊళ్లకు షేర్ ఆటోలు ఉంటాయి కానీ, చేపల గంపలతో వచ్చిన ఆడవాళ్లను దింపేసి ఎనిమిదికల్లా తిరిగి వెళ్లిపోతాయి. ఆలస్యమైతే ఆటో మాట్లాడుకోవాల్సిందే. మాకు నూట ఎనభై అయింది. ఎక్కడికో చెప్పగానే డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు.

"ఆ ప్లాస్టిక్ ఇల్లు సూడ్డానికా? ఈ ఏడు సానామందిని తీసికెళ్లినాను. సూసినోళ్లే గానీ కాయ కొన్నోడు ఒక్కడూ లేడు."

దారికి రెండు పక్కలా మొదట జీడితోటలు, తర్వాత సరుగుడు, చివరికి రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. గాలి ముఖానికి జిడ్డుగా తగిలింది.

సూరన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నగా అయిపోయాడని బావ అన్నాడు. ఇది అతనికి మూడో పంట. ఇంకా నలభై రోజులు కాయాలి. ఇది కాయకపోతే పాలీహౌస్ మూసేసి, హైవే పక్కనున్న కంపెనీలో కాపలా పనికి వెళ్తానని ఇంట్లో చెప్పేశాడట. ఈ సంగతి మాకు నడుస్తూ, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

లోపల వేడికి ఊపిరాడలేదు. తీగలు తాళ్ల మీద తలెత్తు పాకి ఉన్నాయి. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంది. కింది ఆకులకు మాత్రం చుట్టూ గోధుమరంగు అంచు, కాలిన కాగితంలా. కాయలు కొన్ని మెలితిరిగి ఉన్నాయి. డ్రిప్పు పైపుకి చుక్క పడే ప్రతి చోటా తెల్లని పొర కట్టింది. ఎండకి మాడుతోందని నీళ్లు పెంచానని సూరన్న చెప్పాడు. ఇదివరకు పూటకి ఇరవై నిమిషాలు వదిలేవాడు, ఇప్పుడు నలభై. పోషణ చాలడం లేదేమోనని ఎరువు కూడా పెంచాడు. మోటారు షెడ్డులో గోడకి నీటి పరీక్ష కాగితం లామినేషన్ చేసి తగిలించి ఉంది. బోరు వేసిన ఏడాది కార్తీకంలో, వానలు అయిపోగానే తీసిన నీళ్లవి. అందులో ఉప్పు అంకె సున్నా పాయింట్ ఎనిమిది. ఒకటి లోపు ఉంటే కీరకి ఏ ఇబ్బందీ లేదు. రెండు దాటితే వేరుకి నీళ్లు పీల్చుకోవడం కష్టం.

మా బోరు కోసం బావ కొన్న చిన్న మీటరు సంచిలో ఉంది. పెన్నులా ఉంటుంది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది. సూరన్న మోటారు వేశాడు. కాసేపు పారనిచ్చి చెంబులో పట్టాం. మూడు పాయింట్ ఒకటి వచ్చింది. మీటరు తప్పు చూపిస్తోందేమోనని సూరన్న అన్నాడు. బావ నా సంచిలోని సీసా నీళ్లలో ముంచి చూపించాడు. సున్నా పాయింట్ రెండు. మళ్లీ చెంబులో ముంచాడు. మూడు పాయింట్ ఒకటి.

నేను చెంబులో నీళ్లు కొంచెం నోట్లో పోసుకున్నాను. ఉప్పు స్పష్టంగా తెలుస్తోంది. ఈ నీళ్లు మీరు తాగరా అని సూరన్నని అడిగాను. పాలీహౌస్ వేసిన ఏడాదే ఊళ్లోకి క్యాన్ల బండి వచ్చిందని, అప్పటి నుంచి ఇంట్లో అందరూ క్యాన్ నీళ్లే తాగుతున్నారని చెప్పాడు.

కాయ కోస్తున్న నూకాలమ్మ అప్పటిదాకా మా వైపు చూడలేదు. దగ్గర్లోని జాలర్ల పేట ఆవిడది. పనికి వచ్చిన రోజంతా డ్రిప్పు పైపు నీళ్లే తాగుతుంది. క్యాన్ సూరన్న ఇంట్లో ఉంటుంది కదా.

"పుష్యంలోనే సెప్పినాను, నీరు మారిపోనాదని," సూరన్నతో అంది, చేతిలో పని ఆపకుండానే. "సముద్రం ఒడ్డోళ్ల నోరే ఉప్పు అన్నావు. నవ్వినావు."

"గట్టిగా సెప్పాలి కదే."

"గట్టిగా సెప్తే రేపట్నుంచి రావొద్దంటావు."

సూరన్న వెళ్లి మోటారు ఆపాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. అన్నం, పప్పు, మెత్తళ్ల చేపల పులుసు. సూరన్న భార్య పార్వతి వడ్డిస్తుంటే బావ సంగతంతా చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. బోరు నీళ్లతో పప్పు ఉడకడం చలికాలంలోనే మానేసిందని, అప్పటి నుంచి ఎసరు కూడా క్యాన్ నీళ్లతోనే పెడుతున్నానని చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదని సూరన్న అడిగాడు.

"నీకు ఉడికిన పప్పు కావాలి. ఉడికించి పెట్టినాను. నీళ్ల సంగతి నువ్వెప్పుడు అడిగావు?"

పప్పు బాగా ఉడికింది, అది మాత్రం నిజం.

ఎండ కొంచెం తగ్గాక మళ్లీ లోపలికి వెళ్లి మట్టి తవ్వి చూశాం. జానెడు లోతు వరకు తెల్లని పూత ఉంది. అక్కడ నిలబడ్డప్పుడు నాకొక విషయం తట్టింది. బయటి పొలంలో ఎంత ఉప్పు చేరినా వానలకి కొంత కొట్టుకుపోతుంది. ఇక్కడ పైన కప్పు ఉంది. ఈ మట్టి మీద రెండేళ్లుగా ఒక్క చినుకు పడలేదు. నీళ్లతో వచ్చిన ఉప్పు, ఎరువుతో వచ్చిన ఉప్పు, అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. మాడుతోందని అతను నీళ్లు పెంచిన ప్రతిసారీ ఇంకొంత ఉప్పు పోశాడు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ల నుంచి మంచి నీళ్లు ట్యాంకరుతో తెప్పిస్తే అని బావ అన్నాడు. రోజుకి రెండు ట్యాంకర్లు కావాలి. ఆ ఖర్చు కాయ అమ్మితే రాదు. సూరన్న కాసేపు వరసల మధ్య అటూ ఇటూ నడిచాడు. రెండు రోజుల్లో దొరికిన కాయంతా కోసేసి తీగలు పీకేయమని నూకాలమ్మకి చెప్పాడు. తర్వాత పైకి చూసి, ప్లాస్టిక్ విప్పాలంటే ఎంతమంది కావాలో అని మెల్లగా అన్నాడు.

అయిదింటికి అదే ఆటోలో ఎచ్చెర్ల వచ్చాం. విజయనగరంలో గజపతినగరం బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాం.

సూరన్న జూన్‌లో కప్పు తీయించాడు. ఆ ఏటి వానలన్నీ లోపలి మట్టి మీద పడ్డాయి. ఇప్పుడు కార్తీకంలో కప్పు వేసి ఒక్క పంట తీస్తున్నాడు, నీళ్లు ఉప్పగా మారేదాకా. తక్కిన నెలలు కంపెనీ గేటు దగ్గర ఉంటున్నాడు. తెలివితక్కువ మనిషి కాదు. కాగితం చూసుకుని పనిచేశాడు. ఆ కాగితం అబద్ధం చెప్పలేదు, వానలకి బోరు నిండి ఉండే కార్తీకం సంగతి చెప్పింది. ఆ తర్వాత భూమిలో నీళ్లు తగ్గేకొద్దీ సముద్రపు ఉప్పు బోరులోకి చేరే సంగతి అందులో లేదు. నీళ్లు మారాయని ముందే ఎరిగిన ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరి మాట అతను వినలేదు, రెండోవారిని అడగలేదు.

ఇలాంటి చోటు చూడబోయేవాళ్లు మే నెలలోనే వెళ్లండి. మోటారు కనీసం గంట నడిచాక నీళ్లు పట్టి పరీక్షకి ఇవ్వండి. దానికి ముందు ఒక గ్లాసు తాగండి. మా ఇంట్లో కూడా మూడేళ్లుగా క్యాన్ నీళ్లే. ఆ రాత్రి ఇల్లు చేరాక, కొళాయికి వచ్చే మా పొలం బోరు నీళ్లు ఒక గ్లాసు తాగాను. ఉప్పగా లేవు. కానీ ఏదో తేడాగా ఉన్నట్టు అనిపించింది. ఇదివరకు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు చూశాను. గుర్తు రాలేదు.