దర్జీ బాబాయ్ కుట్టినవి

కెమెరా ఫోటోలకు వేసే నంబర్లంటే స్టూడియో పిన్నికి ఒళ్లు మంట. "మనుషులకు నంబర్లేంటి, జైలా ఇది?" అంటూ ప్రతి ఫైలుకూ తానే పేరు పెట్టేది. ఎవరు, ఏ సందర్భం అన్నదే కాదు, బట్టలు ఎవరు కుట్టారో కూడా అందులో ఉండాల్సిందే. మంచి కుట్టు కనబడితే ఆమె ఊరుకోలేదు, అంతే. "ఫైలు పేరా, రైలుబండా?" అని ఫోటోలు తీసే మొగుడు సణిగేవాడు.

చూపు మందగించి కొట్టు మూసేసిన రోజున ఎదురుకొట్టు దర్జీ బాబాయ్ స్టూడియోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"జీవితమంతా కుట్టానమ్మా. అన్నీ ఈపాటికి చిరిగిపోయుంటాయి. ఇదీ నా పని అని చూపించుకోడానికి ఒక్కటీ లేదు."

పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. "ఎందుకు లేదు బాబాయ్?" అంటూ స్టూడియో వెబ్‌సైటు తెరిచి, గ్యాలరీ పైనున్న వెతికే గడిలో 'దర్జీ బాబాయ్' అని కొట్టింది. పేరులో ఆ మాట లేని ఫోటోలన్నీ తప్పుకున్నాయి. మిగిలినవి తెర నిండా పరుచుకున్నాయి. పెళ్లిబట్టలు, బడిపిల్లల యూనిఫాంలు, నర్సుల తెల్లకోట్లు, పిన్ని సొంత పెళ్లి జాకెట్టు. ఎంత కిందికి జరిపినా తరగడం లేదు.

ముసలాయన తెరకు ముక్కు ఆనించి చూశాడు. "ఆ కాలరు నాదే! చూడు, ఒక్క ముడత లేదు!" వంగిన నడుం నిటారుగా నిలబడింది.

ఈసారి మొగుడు సణగలేదు. కెమెరా అందుకుని, "బాబాయ్, ఇటు చూడు," అన్నాడు.

పిన్ని అప్పుడే ఆ ఫోటోకి పేరు కొడుతోంది: 'దర్జీ బాబాయ్. చొక్కా ఆయన కుట్టుకున్నదే.'