బాపు కారుకు మళ్ళీ ఎర్ర రంగు

మా కారు కుడి వైపు నుంచి చూస్తే కారు. ఎడమ వైపు నుంచి చూస్తే కొట్లాటలోంచి బయటపడ్డ మనిషి. ముందు తలుపు మీద పొడుగాటి గీత, వెనక తలుపుకు సొట్ట, బంపర్ మూల పగిలి ఊగుతుండేది. బాపును, అంటే మా నాన్నను అడిగితే షేర్ ఆటోల వాళ్ళను తిట్టేవాడు, కాకపోతే కాలనీ పిల్లల క్రికెట్ బంతిని తిట్టేవాడు. నేనూ నమ్మాను. గోదావరిఖనిలో షేర్ ఆటోల వాళ్ళను తిడితే నమ్మనివాళ్ళు ఎవరుంటారు?

బాపు బొగ్గు బాయిలో, భూమి కింద పనిచేసి, సర్వీసంతా నిండాక దిగాడు. మా దగ్గర రిటైర్ అవడాన్ని దిగిపోవడమనే అంటారు. దిగిన ఏడాదే ఎవరో ఇంజనీరు వాడి వదిలేసిన చిన్న ఎర్ర కారు కొన్నాడు. అమ్మ పోయాక మాతోనే ఉంటున్నాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, పొద్దున్నే స్కూటర్ మీద నా దారిన నేను పోతాను. రెండో తరగతి అయిపోయిన మా అమ్మాయిని జ్యోతినగర్‌లోని తన స్కూలుకు దింపేదీ, తిరిగి తెచ్చేదీ బాపే. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోయే రోడ్డు అది. ఆ రోడ్డు మీద నా బిడ్డ ఆటోలో వేలాడకుండా తాత పక్కన కూర్చుని పోతున్నదని నాకు ఎంత నిశ్చింతో.

మొన్నటి వేసవి సెలవుల్లో, అన్నం తింటూ బాపు అన్నాడు, "కారుకు రంగేపియ్యాలె."

"ఇంజను మంచిగనే ఉన్నది గదా బాపు, రంగెందుకు?"

"నలుగురు చూస్తున్నరు. ఎడమ దిక్కంత గీతలే."

నలుగురి సంగతేమో గానీ నా జేబు సంగతి నాకు తెలుసు. షోరూంలో అడిగితే వాళ్ళు చెప్పిన రేటుకు నోరు తెరిచాను. ఆ డబ్బుకు ఇంకో పాత కారే వస్తుంది. పైన పటారం లోన లొటారం పని మనకెందుకని ఇంట్లో గొంతు పెంచాను. బాపు వినలేదు. చివరికి బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక పెయింటర్ దొరికాడు. నడి వయసు మనిషి, బేరానికి దిగకముందే నా ముఖం చూసి నా సంగతి పట్టేశాడు.

"రంగుల కక్కుర్తి పడకు అన్న. రంగు, అది గట్టిపడనీకె అండ్ల కలిపే హార్డ్‌నర్ మంచియే కొను. ఉన్న ఎరుపే ఏస్తే లోపల తలుపు సందులు ముట్టుకునే పని లేదు, ఆర్టీఓ ఆఫీసుల కాయితాలు మార్చే ఫికర్ లేదు. మెరుపుల రంగు వద్దు, సాదాది చాలు. పైసలన్ని రుద్దుడులనే పోతయి. రుద్దుడు మీరే చేసుకుంటే సగం కూలి మిగుల్తది."

నేను ఇంకా లెక్క వేసుకుంటుండగానే బాపు, "నేను రుద్దుత" అన్నాడు.

మర్నాటి నుంచి బాపుకు మళ్ళీ డ్యూటీ దొరికినట్టయింది. పొద్దున్నే టవల్ భుజాన వేసుకుని షెడ్డుకు నడిచిపోయేవాడు. పెయింటర్ తలుపులు ఊడదీసి గోడకు వరసగా ఆనించాడు. సొట్టలు బయటికి లాగి, పుట్టీ పెట్టి, బాపు చేతికి వాటర్ పేపర్ అనే గరుకు కాగితం ఇచ్చాడు. నీళ్ళలో ముంచి రుద్దుతూ పుట్టీని రేకుతో సమానం చేయాలి. చూడటానికి ఏమీ లేదు గానీ, ఎక్కడ ఆపాలో తెలియకపోతే అలలు అలలుగా వస్తుంది, రంగు పడ్డాక ఎండలో అదంతా బయటపడి నవ్వుతుంది.

బాపు రెండు నిమిషాలు రుద్ది, అరచేయి పరిచి, కళ్ళు మూసుకుని తలుపంతా తడిమేవాడు. "ఈడ ఇంక జర లేసి ఉన్నది" అని మళ్ళీ రుద్దేవాడు. పెయింటర్ వచ్చి తానూ చేయి వేసి చూసి తలాడించేవాడు.

"నా కంటికి చిక్కంది మీ బాపు చేతికి చిక్కుతున్నది అన్న. రోజూ వస్తనంటే పనిల పెట్టుకుంట."

నాకు గర్వంగా అనిపించింది. స్టాఫ్‌రూంలో చెప్పుకున్నాను కూడా. మా బాపు కళ్ళు మూసుకుని రేకు చదువుతాడని.

షెడ్డులో పెయింటర్‌కు అసలు శత్రువు దుమ్ము. ఓపెన్‌కాస్టు గని దిక్కు నుంచి వచ్చే సన్నటి నల్ల దుమ్ముకు తలుపు గొళ్ళెం అడ్డమా? షెడ్డు చుట్టూ పాత చీరలు తడిపి కట్టేవాడు, నేల మీద బకెట్లకొద్దీ నీళ్ళు చల్లేవాడు, ఆ తర్వాతే రంగు కొట్టే గన్ను పట్టేవాడు. అలా ఒక సాయంత్రం కుడి వైపు తలుపులు రెండింటికీ ఎర్ర రంగు కొట్టి ఆరబెట్టాడు. ఎడమ వైపువి ఇంకా అడుగు పూత, బూడిద రంగు ప్రైమర్ మీదే ఉన్నాయి, వాటిని బాపు ఆఖరిసారి రుద్దాలి. నాలుగూ ఒకే గోడకు ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం నేను చాయ్ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. బయట ఎండ మండుతోంది. పెయింటర్ వెనక కంప్రెసర్ దగ్గర ఏదో బిగిస్తున్నాడు. బాపు నాకు వీపు పెట్టి కింద కూర్చుని రుద్దుతున్నాడు.

ఆయన మోచేతుల నుంచి నెత్తురు కారుతోంది.

ఫ్లాస్కు ఎక్కడ పడిందో తెలియదు. "బాపూ!" అని అరుస్తూ పరుగెత్తి రెండు చేతులూ పట్టుకున్నాను. వేళ్ళ సందుల్లో ఎరుపు, మణికట్టు మీద ఎరుపు, లుంగీ మీద ఎరుపు, ముందున్న బకెట్టు నిండా ఎరుపు. గాయం కోసం వెతికాను. గాయం లేదు. అది నెత్తురు కాదు, రంగు. నిన్న సాయంత్రం కొట్టిన కొత్త రంగును బాపు ప్రైమర్ అనుకుని అరిగించేస్తున్నాడు. తలుపు మధ్యలో పళ్ళెమంత మేర లోపలి బూడిద రంగు తేలింది.

"ఏందిరా, గట్ల ఒర్లుతున్నవ్?" అన్నాడు బాపు తాపీగా. "దుమ్ము కూసున్నది దీని మీద, చేతికి రవ్వ రవ్వ తాకుతున్నది. జర రుద్దితే నున్నగైతది."

పెయింటర్ వచ్చి నిలబడి, తలుపు వైపు చూసి, బాపు ముఖం వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "చాలు కాకా, ఇయ్యాల్టికి చాలు" అని వాటర్ పేపర్ మెల్లగా చేతిలోంచి తీసుకున్నాడు.

నేను బాపు పక్కన కూలబడ్డాను. బకెట్టు చూపించి అడిగాను, "బాపు, ఈ నీళ్ళు ఏ రంగున్నయి?"

బాపు బకెట్టు వైపు ముఖం తిప్పాడు. వేళ్ళు నీళ్ళలో ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత, "షెడ్డుల ఎలుతురు లేదు" అన్నాడు. రేకుల సందుల నుంచి ఎండ మా ఇద్దరి మీదా పడుతూనే ఉంది.

అప్పుడు నాకు ఎడమ వైపు గీతలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఆ గీతలు ఆటోలవి కావు, పిల్లల బంతివీ కావు. నా బిడ్డ కూర్చునేది ఆ ఎడమ సీట్లోనే.

రెండు రోజులకు బస్సులో కరీంనగర్ కంటి దవాఖానకు తీసుకెళ్ళాను. పెద్ద డాక్టరు చాలాసేపు చూసి, కంటి నరం ఎండిపోతోందని, పక్కలకు చూపు దాదాపు లేదని, ఎదురుగా ఉన్నది కూడా నీడలాగే తెలుస్తుందని చెప్పాడు. పోయింది తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట. బండి ముట్టుకోవద్దన్నాడు.

"ఇది ఇప్పటిది కాదు. ఎన్నో ఏళ్ళ నుంచి ఉండి ఉంటుంది. పెద్దాయనకు తెలియకుండా ఉండదే" అన్నాడు.

ఎన్నో ఏళ్ళంటే బాపు డ్యూటీలో ఉన్నప్పుడే.

మా బొగ్గు ఊళ్ళలో ఒక ఎకసెక్కం ఉంది. సర్వీసు మిగిలి ఉండగానే ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం పిల్లలకు వస్తుంది. అందుకే దిగే వయసు దగ్గరపడ్డ మనిషి కళ్ళు నులుముకుంటే చాలు, "ఏంది కాకా, కొడుకుది డిగ్రీ అయిపోయిందా?" అని నవ్వుతారు. బాగా కనపడేవాళ్ళే కనపడటం లేదంటారని పేరు పడ్డ చోట, మా బాపు కనపడని కళ్ళతో కనపడుతోందని నెట్టుకొచ్చాడు.

దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నిలదీశాను. గొంతు తగ్గించుకోలేకపోయాను, జనం చూశారు.

"కండ్ల పరీక్షల బోర్డు మీది అక్షరాలు నాకు నోటికొచ్చు" అన్నాడు బాపు. "నా ముందటోడు సదువుతుంటే యాది పెట్టుకుంటుంటి."

"నువ్వు అప్పుడే చెప్తే నాకు నౌకరి వస్తుండె బాపు!"

"ఎరుకే."

అంతే. ఎరుకే అన్నాడు. నెల జీతం సగం నెలకే అయిపోయే మనిషిని నేను. ప్రతి జూన్‌లో స్కూలు ఉంచుతుందో లేదో తెలియని మనిషిని. ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచి గేటు దాకా నడిచాను. మళ్ళీ వెనక్కి రాక తప్పలేదు, ఆయన ఒక్కడే బస్సు ఎక్కలేడు.

"చిన్నప్పుడు కరెంటు పోతే గజగజ వణికెటోనివి. గసొంటోన్ని బాయిల దించాల్నా?" అన్నాడు నా అడుగుల చప్పుడు విని.

ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయిందని అబద్ధం చెప్పను.

పెయింటర్ ఆ తలుపుకు మళ్ళీ రంగు కొట్టి, ఆదివారం పొద్దున కారు తెచ్చి ఇంటి ముందు నిలిపాడు. షోరూం వాళ్ళు కూడా అంత బాగా చేయరేమో. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి ముఖాలు చూసుకుంటున్నారు దాంట్లో. బాపు చుట్టూ తిరుగుతూ అరచేత్తో తడిమాడు. తాళం చెవి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"తాళం ఇటియ్యి బాపు. డాక్టర్ ఏమన్నడు?"

"దూరం పోను. స్కూలు దాక్నే. ఆ తొవ్వ నాకు ఎరుకే."

"ఎరుకైన తొవ్వల లారీలుంటయి!"

మా అమ్మాయి మధ్యలోకి వచ్చింది. "లారీ వస్తే నేను చెప్తా కదా డాడీ. రోజూ నేనే చెప్పేది."

ఏం చెప్పేదని అడిగాను. దానికి నా ప్రశ్నే వింతగా ఉంది. రా చూపిస్తానని తాతను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టింది. తను ఎడమ సీట్లో మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులూ డాష్‌బోర్డుకు ఆనించింది. ఇంజను లేదు, ఏమీ లేదు. ఇద్దరూ మొదలుపెట్టారు.

"తాతా, మెల్లగ. ఆటో ఉంది. కుడికి. ఇంక కొంచెం. లారీ వస్తుంది, ఆగు. పోయింది. పో. ఎర్ర లైటు పడ్డది, ఆపు."

ప్రతి మాటకూ బాపు కాళ్ళు కదిలాయి. క్లచ్, బ్రేక్, మళ్ళీ క్లచ్. చేతులు స్టీరింగును పిల్ల చెప్పినంతే తిప్పాయి. ఎక్కడా తడబాటు లేదు. ఎన్నాళ్ళుగా ఆడుతున్నారో ఈ ఆట. ఏడేళ్ళ పిల్ల నోరు మూసుకున్న రోజు, నిద్రపోయిన రోజు, బయట కుక్కపిల్లను చూసి ఒక్క క్షణం మరిచిపోయిన రోజు ఏమయ్యేదో నేను ఊహించలేకపోయాను. వెళ్ళి కారు ముందు, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"తాతా, ఆపు! డాడీ అడ్డమున్నడు."

బాపు కాలు బ్రేకు మీద పడింది. ముఖం సూటిగా నా వైపే ఉంది.

"ఎంత దూరంల ఉన్నడు బిడ్డా?"

అమ్మాయి నన్ను చూసి, తాతను చూసింది. "ఇక్కడనే తాతా. చెయ్యి కారు మీదనే పెట్టిండు."

బాపు స్టీరింగు మీది నుంచి చేతులు తీశాడు. తర్వాత జేబులోంచి తాళం చెవి తీసి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, "ఇగో, పట్టు" అన్నాడు. నేను ఇంకా ముందే ఉన్నాను. ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండగా చుట్టూ తిరిగి వెళ్ళి అందుకున్నాను.