యాదగిరి అతకలేని పోగు

2018 వేసవి. నల్లగొండ జిల్లాలో హైవే పక్కనున్న ఒక సర్కారు దవాఖానలో, క్యాజువాలిటీలో నర్సుగా పనిచేస్తున్నాను. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్లకు మేం ముందుగా వేసేది జీసీఎస్ స్కోరు. కళ్లు తెరుస్తున్నారా, మాట సరిగ్గా ఉందా, చెప్పినట్టు కాళ్లూ చేతులూ కదుపుతున్నారా అని చూసి మార్కులు వేస్తాం. పదిహేనుకు పదిహేను వస్తే ‘మైల్డ్’, అంటే చిన్న దెబ్బ. ఆ మాట రాయడానికి నా చేయి కాస్త తొందరపడేది. నాకు నోరు కూడా ఎక్కువే.

కట్టంగూర్ దగ్గర బండి మీంచి జారిపడ్డ యాదగిరిని ఒక ఉదయం భార్య అండాలు తీసుకొచ్చింది. మగ్గం నేసే మనిషి. పేరు చెప్పాడు, వారం చెప్పాడు, కుడిచేత్తో నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. పదిహేను. రెండు గంటలు చూసినా అంతే, వాంతి కూడా లేదు. ఇంటికి పంపొచ్చని డాక్టరుగారికి చెప్పబోతుంటే అండాలు అడ్డం నిలబడింది.

“సిస్టరమ్మా, మా ఆయన మంచిగ లేడు.”

“మంచిగనే మాట్లాడుతుండు గదమ్మా! ఇంకేం గావాలె నీకు?” కసిరాను.

ఆమె కదల్లేదు. తన కొంగు కుచ్చులోంచి ఒక పోగు లాగి, పుటుక్కున తెంపి, రెండు ముక్కలూ మొగుడి చేతుల్లో పెట్టింది. “ఇగో, జర అతుకు.”

అతని ఎడమచేతి వేళ్లు పోగును పట్టలేకపోయాయి. జారిపోయింది. ఏరుకున్నాడు, మళ్లీ జారింది. సిగ్గుపడి నవ్వాడు.

“ముప్పై ఏండ్ల సంది జూస్తున్న. కండ్లు మూసుకొని అతుకుతడు సిస్టరమ్మా!” అంటూ అండాలు ఏడ్చేసింది.

పరుగున వెళ్లి డాక్టరుగారిని పిలిచాను. ఆయన వచ్చి చేతులు పరీక్షించి, వెంటనే స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి అంబులెన్స్‌లో పంపారు. దారిలోనే మగతలోకి జారాడట. పుర్రె లోపల రక్తం గడ్డ. ఆపరేషన్ చేసి తీశారు. ఇంటికి పంపి ఉంటే?

కొన్నాళ్లకు ఇద్దరూ నన్ను చూడటానికి వచ్చారు. అండాలును క్షమించమన్నాను. “పోనీ తియ్ సిస్టరమ్మా. నీ పని నీకెరుక, నా మనిషి నాకెరుక,” అంది. యాదగిరి టేబుల్ మీద కట్లు కట్టే గాజుగుడ్డలోంచి ఒక పోగు తీసి, తెంపి, నన్ను చూస్తూనే అతికి ఇచ్చాడు. గుంజి చూశాను, తెగలేదు.

ఇప్పుడు పదిహేను వచ్చినా సరే, పక్కనున్నవాళ్లను ఒక మాట అడగందే మైల్డ్ అని రాయను. “అమ్మా, మీ మనిషి మీకు మంచిగనే కనవడుతున్నడా?”